వెంకట అంటే ఉత్త ఇనీషియలేనా?

ప్రశ్న: మాకు రెండు నెలల బాబు. మా మామగారు పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన పేరు వెంకటేశ్వరరావు. ఆ పేరే బాబుకి పెట్టాలని మా అత్తగారి కోరిక. అంత పొడుగు పేరు వద్దనుకుంటే ముందు ‘వెంకట’ అని అయినా చేర్చమంటున్నారు. నేనూ మావారూ ‘విహాన్’ అనుకున్నాం. మా తమ్ముడి పేరు ముందు కూడా వెంకట ఉంది. వాడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పిలవని ఆ మాటతోనే అక్కడ ఆఫీసులో అందరూ పిలుస్తారట. ‘వేరేవాణ్ని పిలిచినట్టు ఉంటుందక్కా, మా టీమ్‌లోనే నలుగురం వెంకటలం’ అంటాడు. అసలు ఈ మాటకు అర్థం ఉందా? అందరి పేర్లకూ ముందు తగిలించేదే తప్ప దానికంటూ ఒక విలువ ఉందా? అత్తగారి మనసు నొప్పించకుండా ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందుగా మీ బాబుకి నా ఆశీస్సులు. మీరు ఒక ఉత్తరంలో రెండు ప్రశ్నలు అడిగారు. ఒకటి మాట గురించి, ఒకటి మనుషుల గురించి. మాట గురించి తెలిస్తే మనుషుల సంగతి కొంత తేలికవుతుందని నా నమ్మకం. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను. కాస్త ఓపిగ్గా చదవండి.

వెంకట అంటే దేవుడి పేరని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కొండ పేరు. వేంకటేశ్వరుడంటే వేంకటానికి ఈశ్వరుడు, ఆ కొండకు దొర. తిరుమల ఏడుకొండలు శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. స్వామి గుడి ఉన్నది వేంకటాద్రి మీద. ఈ ఏడింటిలో శేషాద్రి, నీలాద్రి కూడా మనుషుల పేర్లయ్యాయి. శేషాద్రి, నారాయణాద్రి, వెంకటాద్రి రైళ్ల పేర్లు కూడా అయ్యాయి. కానీ ఇంటింటా కనీసం ఒకరి పేరులో చేరిన కొండ మాత్రం ఒక్క వేంకటమే. కొండను మనిషికి పేరుగా పెట్టుకోవడం ఎంత బాగుంటుందో మీరే ఆలోచించండి.

ఇక అర్థం. ‘వేం’ అంటే పాపాలు, ‘కట’ అంటే కాల్చేది, పాపాలను కాల్చేది కాబట్టి వేంకటం అని పెద్దలు చెబుతారు. ‘వేం’ అమృతం, ‘కటం’ ఐశ్వర్యం అని ఇంకో వివరణ ఉంది. రెండూ స్థలపురాణంలో నుంచి వచ్చినవే, భక్తితో చెప్పుకున్నవే. మీ అత్తగారు అడిగితే ఇవి చెప్పండి, సంతోషిస్తారు. అయితే పాత తమిళంలో ఈ కొండ పేరు వేంగడం. తమిళుల ప్రాచీన వ్యాకరణం తొల్కాప్పియం ముందుమాటలో తమిళ దేశానికి ఉత్తరాన వేంగడం, దక్షిణాన కుమరి ఎల్లలని ఉంది. అంటే మన తిరుమల కొండ ఒకప్పుడు తమిళ నేలకు ఉత్తరపు సరిహద్దు రాయి. అక్కడ ఒక భాష ఆగి ఇంకో భాష మొదలయ్యేది. కొండకు ఆ పేరు ముందు నుంచీ ఉందనీ, సంస్కృత వ్యుత్పత్తి తర్వాత కట్టుకున్నదనీ నేను అనుకుంటాను. పేరు అంత పాతది కావడమే నాకు దాని అర్థం కన్నా గొప్పగా అనిపిస్తుంది.

తమిళ వైష్ణవ భక్తకవులైన ఆళ్వార్లు ఆ కొండను తలచుకుని కరిగిపోయారు. స్వామీ, నీ గుడి ముందు గడపగా పడి ఉన్నా చాలు, నీ నోటిని చూస్తూ ఉంటాను అని కులశేఖరాళ్వారు వేడుకున్నారు. తిరుమలలో గర్భాలయం ముందున్న గడపను ఈనాటికీ కులశేఖర పడి అనే పిలుస్తారు. దర్శనానికి వెళ్లినప్పుడు ఆ తోపులాటలో ఎవరూ గడపను చూడరు. ఈసారి వెళితే ఒక్క క్షణం చూడండి.

వేంగడం తెలుగులోకి వచ్చేసరికి ఒకచోట ‘డ’ కాస్తా ‘ళ’ అయింది. తిరువేంగడనాథుడు తిరువేంగళనాథుడయ్యాడు. అన్నమయ్య మనవడు తాళ్లపాక చిన్నన్న అసలు పేరు తిరువేంగళనాథుడు. అందులోంచే వెంగళ, వెంగయ్య, వెంగమాంబ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా 1973 నుంచి 1978 దాకా పనిచేసిన జలగం వెంగళరావు గారి పేరులో ఉన్నదీ ఈ కొండే. వెంగళప్ప అని ఎవరినైనా వెక్కిరించేటప్పుడు మనం తెలియకుండా ఆ కొండ పేరే అంటున్నాం. అది వింటే నాకు బాధగా ఉంటుంది. తరిగొండ వెంగమాంబ (1730–1817) లాంటి కవయిత్రి పేరులో ఉన్న మాట అది. రాత్రి ఏకాంతసేవలో స్వామికి ఈనాటికీ ఆవిడ పేరున ముత్యాల హారతి ఇస్తారు. కొండ మీద మనం అన్నప్రసాదం తినే భవనానికీ ఆవిడ పేరే.

మీరు ఈ పేరు అందరికీ ఉంటుందన్నారు. నిజమే, కానీ మొదటి నుంచీ లేదు. బడిలో చదువుకున్న కవుల పేర్లు ఒకసారి గుర్తు చేసుకోండి. నన్నయ, తిక్కన, ఎర్రన, కేతన, మారన, పోతన. వీళ్లలో ఒక్క వెంకటయ్య లేడు. పదిహేనో శతాబ్దంలో అన్నమయ్య (1408–1503) వచ్చారు. ముప్పై రెండు వేల సంకీర్తనలు చెప్పారంటారు, రాగిరేకుల మీద పన్నెండు వేలకు పైగా దొరికాయి. పాట ఏదైనా చివరికి వేంకటేశుడి దగ్గరికో, వేంకటగిరి దగ్గరికో, వేంకటాద్రి దగ్గరికో చేరుతుంది. జోలపాటలోనూ, దంపుళ్ల పాటలోనూ, శృంగారంలోనూ, వేదాంతంలోనూ అదే మాట. ఒక భాషలో ఒక పేరు ఇన్నివేల సార్లు పాటగా వినిపిస్తే పిల్లలకు పెట్టుకోకుండా ఎలా ఉంటారు?

తర్వాత రాజుల వంతు. శ్రీకృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 లోపు ఏడుసార్లు తిరుమల వచ్చారు. తిరుమలదేవి, చిన్నాదేవులతో కలిసి ఆయన చేతులు జోడించి నిలబడ్డ విగ్రహాలు ఇప్పటికీ గుడిలో ఉన్నాయి. ఆయన తమ్ముడు అచ్యుతరాయలు కొడుక్కి పెట్టుకున్న పేరు వెంకటాద్రి. 1565లో తళ్లికోట యుద్ధంలో అళియ రామరాయల పక్కన నిలబడ్డ ఇద్దరు తమ్ముళ్ల పేర్లు తిరుమల, వెంకటాద్రి. ఒకే కొండకున్న రెండు పేర్లు ఒకే తల్లి ఇద్దరు కొడుకులకు పెట్టుకుంది. విజయనగరం కూలిపోయాక పెనుకొండ, చంద్రగిరి, వెల్లూరుల నుంచి ఏలిన ఆరవీటి రాజుల్లో చాలాకాలం రాజ్యం చేసిన ఒకాయన వేంకటపతిరాయలు (1586–1614). 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసు నేలను రాసిచ్చిన నాయకుడు దామెర్ల వెంకటాద్రి, ఆయన పైన ఉన్న రాజు కూడా ఒక వెంకటరాయలే. ఒక మహానగరం పుట్టుకకు అటూ ఇటూ వెంకటలే ఉన్నారన్నమాట. దానికి కొన్నేళ్ల ముందే తంజావూరులో రఘునాథ నాయకుడి కొలువులో చేమకూర వేంకటకవి పద్యాలు చెప్పాడు. నన్నయ నాడు లేని పేరు ఇప్పుడు కవికీ రాజుకీ నాయకుడికీ వచ్చేసింది.

రాజుల ఇళ్లలోనే ఉండిపోతే ఈ పేరు గురించి ఇంత చెప్పేదాన్ని కాదు. ఇది పొలానికీ వెళ్లింది, మగ్గం గుంటలోకీ దిగింది, కులం చూడకుండా ప్రతి వీధికీ చేరింది. దానికి కారణం మొక్కు. పిల్లలు పుట్టక, పుట్టినా నిలవక, జబ్బు చేసి ప్రాణం మీదికి వచ్చి, దిక్కు తోచని తల్లి ఆపదమొక్కులవాడికి దండం పెట్టుకునేది. బిడ్డ దక్కితే నీ పేరు పెట్టుకుంటాను, నీ కొండకు వచ్చి తల నీలాలు ఇస్తాను అనేది. అలా దక్కిన బిడ్డలు ఊరినిండా ఉన్నారు. వెంకన్న, వెంకయ్య, వెంకటప్పయ్య, వెంకటసుబ్బయ్య, వెంకటరమణ, వెంకటరత్నం, వెంకటనారాయణ, వెంకటాచలం. వెంకటేశ్వర్లులో చివరి ‘లు’ గౌరవానిది, రాములు, ఆంజనేయులు, నరసింహులు అన్నట్టు. ఆడపిల్లలయితే వెంకమ్మ, వెంకటమ్మ, వెంకాయమ్మ, వెంకటలక్ష్మి. తెలంగాణలో ఎంకటి, ఎంకన్న. నండూరి సుబ్బారావు గారు పాటల్లో అమరం చేసిన ఎంకి కూడా ఈ కొండ బిడ్డే. ‘సుబ్బి పెళ్లి ఎంకి చావుకొచ్చింది’ అనే సామెత మీకు తెలుసు కదా. ఊళ్లో ఏ ఆడమనిషి గురించి చెప్పాలన్నా చప్పున నోటికొచ్చే పేరు ఎంకి అయితేనే ఆ సామెత పుడుతుంది.

నేను చదువుకున్న పల్లెటూరి బడిలో మా తరగతికే ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండేవారు. మేస్టారు హాజరు పిలిచేటప్పుడు ముగ్గురూ ఒకేసారి ‘ప్రెజెంట్ సార్’ అనేవారు. ఆయన రిజిస్టరు మీద నుంచి తలెత్తకుండానే ‘మిల్లు వాడా, చెరువుగట్టు వాడా, కరణంగారి వీధి వాడా’ అని మళ్లీ అడిగేవారు. అప్పుడు ఒక్కొక్కరూ చెయ్యెత్తేవారు. పేరు ఒకటే అయినా ఎవరి చోటు వాళ్లకుండేది. ఆ ముగ్గురి గొంతులూ ఇప్పటికీ నా చెవుల్లో వేరువేరుగానే ఉన్నాయి. అందరికీ ఉన్న పేరు కాబట్టి మనిషికి గుర్తింపు ఉండదన్న మాటను ఆ రోజుల నుంచే నేను ఒప్పుకోను.

మరి ఇంత పేరు ఉత్త ఇనీషియల్ ఎలా అయింది? మనకు ఇంటిపేరు ముందుంటుంది, తర్వాత వెంకట, ఆ తర్వాత పిలిచే పేరు. బడి రిజిస్టర్లూ ఆఫీసు కాగితాలూ వచ్చాక మొదటి రెండూ పొడి అక్షరాలైపోయాయి. ఆ పొడి అక్షరాల వెనక ఎవరున్నారో చూడండి. పాములపర్తి వెంకట నరసింహారావు గారు ప్రధాని అయినా మనకు పి.వి.గారే. వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్ 2001లో కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద 281 పరుగులు కొట్టినా స్కోరుబోర్డు మీద వి.వి.ఎస్. ఒలింపిక్స్‌లో 2016లో వెండి పతకం, టోక్యోలో కంచు పతకం తెచ్చిన పూసర్ల వెంకట సింధు పి.వి. సింధు. తెర మీద సింహంలా నడిచిన ఎస్.వి. రంగారావు గారి ‘వి’ కూడా వెంకటే. గురజాడ అప్పారావు గారి పూర్తి పేరు గురజాడ వెంకట అప్పారావు అంటే చాలామంది ఆశ్చర్యపోతారు. చలం గారి సంగతి చెబితే ఇంకా ఆశ్చర్యపోతారు. ఆయన గుడిపాటి వెంకటచలం. వెంకట పోయి చలం మిగిలింది. ఇంకోవైపు ఘంటసాల వెంకటేశ్వరరావు గారికి ఇంటిపేరే పేరైపోయి వెంకటేశ్వరుడు కనుమరుగయ్యాడు.

ఇక్కడే, అమ్మా, మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఉంది. పేరు పెట్టడం అంటే పిలవడం. ఎవరూ పిలవని మాటను కాగితంలో ముందు రాసి పెద్దవాళ్ల మాట నిలబెట్టామనుకుంటే ఆ పేరుకూ న్యాయం జరగదు, పిల్లవాడికీ జరగదు. మీ తమ్ముడి ఇబ్బంది సరిగ్గా అదే. వెంకట అన్న పేరులో లోపమేమీ లేదు. పాతికేళ్లు ఇంట్లో ఒక్కరూ అలా పిలవలేదు, ఉన్నట్టుండి పరాయి దేశంలో అందరూ పిలుస్తున్నారు. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ రోజుకు పదిసార్లు ‘వెంకటా, అన్నం తిందువు రా’ అని ఉంటే ఇవాళ ఆఫీసులో ఆ పిలుపు వినగానే ఇల్లు గుర్తొచ్చేది.

కాబట్టి వెంకట పెడితే పిలిచేలా పెట్టండి, లేకపోతే మానేయండి. మానేసినా తప్పేమీ లేదు, పాపమూ లేదు. కానీ మీ ఉత్తరంలో మామగారి గురించి రాసిన తీరు చూస్తే మానేయాలని మీకూ లేదనిపించింది. పిలిచేలా పెట్టడానికి దారులున్నాయి. వెంకట్ అన్నది ఈ కాలం నోటికి చక్కగా అమరే పేరు. వెంకటేశ్ మామగారి పేరుకు దగ్గరగా ఉంటుంది, బరువుగా ఉండదు. వెంకటరమణ అని పెట్టి రమణ అని పిలుచుకోవచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చేది అదే, మూడు అక్షరాల్లో ఎంత మెత్తగా ఉందో చూడండి. శ్రీనివాస్ అన్నా ఆయనే, బాలాజీ అన్నా ఆయనే. అయితే వాటిలో కొండ పేరు ఉండదు, మామగారి పేరు వినపడదు.

విహానే కావాలని మీ ఇద్దరి మనసులో గట్టిగా ఉంటే వరుస మార్చండి. విహాన్ వెంకట్ అని రాయించండి. వెంకట ముందే రావాలన్నది మన అలవాటు మాత్రమే. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, ఇచ్చిన పేరుకు ఒక గడి ఉంటాయి. రెండో గడిలో మొదట ఏ మాట ఉంటే విదేశాల్లో చాలాచోట్ల దాన్నే అసలు పేరనుకుంటారు. టీమ్‌లో నలుగురు వెంకటలు తయారవడానికి కారణం ఇదే. ఇంట్లో పిలిచే మాట ముందుంటే ఆ టెన్షన్ ఉండదు. ఎక్కడా ‘వి’ అని పొడి అక్షరం రాయించకండి, పూర్తిగా రాయించండి.

ఇంకో చిన్న విషయం, కానీ ముఖ్యం. జనన ధ్రువపత్రంలో పేరు చేర్చడానికి పుట్టుక నమోదైన రోజు నుంచి పన్నెండు నెలల దాకా రుసుము ఉండదు. ఆ తర్వాత ఆలస్య రుసుము కట్టి పదిహేనేళ్ల దాకా చేర్చుకోవచ్చు. చట్టం మారి 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాక, అప్పటి నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికీ పాస్‌పోర్టుకూ డ్రైవింగ్ లైసెన్సుకూ ఓటు నమోదుకూ అదే ఆధారపత్రం. అందుకని తొందరపడి రాయించకండి, ఏడాది దాటనివ్వకండి. వేంకట అని దీర్ఘంతో రాస్తే శాస్త్రీయం, వెంకట అని రాస్తే వాడుక. ఏది రాసినా అన్ని కాగితాల్లో ఒకే తీరుగా, ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా ఒకటే ఉండేలా చూసుకోండి.

మీరు రాయలేదు గానీ మీ మనసులో ఇంకో సంకోచం ఉండే ఉంటుంది. మామగారి పేరు బాబుకి పెడితే నేను వాణ్ని ఎలా పిలవను, అల్లరి చేస్తే ఎలా కసరను అని. ఇది మన కోడళ్లందరి సంకోచమే. తాత పేరు పెట్టిన పిల్లలకు చంటి, బుజ్జి, నాని, అబ్బాయి అని ముద్దు పేర్లు రావడానికి సగం కారణం ఇదే. ఆ పేరును అసలు రూపంలో కాకుండా వెంకట్ అనో రమణ అనో మార్చి పెట్టుకుంటే ఈ ఇబ్బందీ తీరుతుంది.

మీ అత్తగారి వైపు నుంచి కూడా ఒక్కసారి చూడండి. ఆ తరం ఆడవాళ్లలో చాలామంది భర్త పేరు నోటితో పలకలేదు. జనాభా లెక్కల వాళ్లు వచ్చి ఇంటాయన పేరేంటమ్మా అని అడిగితే పక్కనున్న పిల్లవాడి వైపు చూసి నువ్వు చెప్పరా అనేవారు. ఆవిడా అలాంటి మనిషే అయితే, జీవితమంతా పలకని పేరును ఇప్పుడు మనవడిలో పిలుచుకోవాలనుకుంటున్నారేమో. పొడుగు పేరు మీద పట్టుదల కాకపోవచ్చు అది.

అందుకని ఈ రాత్రి బాబుని ఆవిడ ఒళ్లో పడుకోబెట్టి ఒక్క మాట అడగండి. మామగారిని చిన్నప్పుడు వాళ్లమ్మ ఏమని పిలిచేదో అని. వెంకటేశ్వరరావూ అని ఏ తల్లీ పిలవదు. వెంకన్నా అనో, వెంకీ అనో, రమణా అనో, ఇంకేదో అని ఉంటుంది. ఆవిడ చెప్పేది పూర్తిగా వినండి. ఆ పిలుపు మీ బాబు ముఖానికి సరిపోతుందేమో చూడండి.